పున్నమి చంద్రుడు భూమి తోకలో!

కార్తీక పున్నమి రాత్రి శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి దర్శనం చేసుకుని వంశధార ఒడ్డుకొచ్చి తలెత్తితే కనిపించే చంద్రుడు, ఆ వేళకి భూమి తోకలో ఉంటాడు. భూమికి తోకేమిటని నవ్వకండి. సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే విద్యుత్ కణాల గాలి మన అయస్కాంత క్షేత్రాన్ని పగటి వైపు నొక్కేస్తుంది, రాత్రి వైపు సాగదీస్తుంది. అరసవల్లి సూర్యదేవుడు ఎటుంటే తోక దానికి ఎదురు దిక్కున. పున్నమికి చంద్రుడూ అటే ఉంటాడు గనక నెలనెలా దాదాపు ఆరు రోజులు అందులోంచే సాగిపోతాడు. శివరాత్రికి మాత్రం తోకలో దొరకడు. అమావాస్య ముంగిట సూర్యుడి వైపుండి, ఆ గాలి దెబ్బ నేరుగా తింటుంటాడు.

ఈ తోక పొడవు వింటే గుండె జారుతుంది. 1963లో ఎగిరిన అమెరికా ఉపగ్రహం ఐఎంపీ-1 దాని రూపు తేల్చింది. మూడేళ్ల తర్వాత పయొనీర్-7 వ్యోమనౌక 60 లక్షల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనూ తోక ఆనవాళ్లు పట్టింది. అంటే చంద్రుడి దూరానికి పదహారు రెట్లు!

దీర్ఘాయుష్షు అంటే జపాన్, అమెరికాలు కలిసి 1992 జులై 24న పంపిన ‘జియోటైల్’ది. నాలుగేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు, ముప్పై ఏళ్లు తోకను కొలిచింది. చివరి రికార్డర్ మొరాయించాక 2022 నవంబరులో సెలవు తీసుకుంది.  

మన శ్రీహరికోట వాటా తక్కువేం కాదు. 2019 జులై 22న అక్కడి నుంచి లేచిన చంద్రయాన్-2లో ‘క్లాస్’ అనే పరికరం పని, చంద్రుడి మట్టిలో ఏ మూలకాలున్నాయో ఎక్స్ కిరణాలతో చెప్పడం. ఆ సెప్టెంబరులో చంద్రుడు తోకను దాటుతుంటే అది అడగని పనీ చేసింది. విద్యుత్ కణాలు గుప్పుమనడం, తగ్గడం నమోదు చేసింది. అసలు విడ్డూరం తర్వాత బయటపడింది. తోకలో మామూలుగా ఘన సెంటీమీటరుకు ఒక ఎలక్ట్రాన్ ఉంటేనే గొప్ప. అలాంటిచోట, చంద్రుడి దగ్గర్లో దాదాపు 23 వేలున్నాయని చంద్రయాన్-2 రేడియో సంకేతాలను పరిశీలించిన తిరువనంతపురం శాస్త్రవేత్తలు 2025లో వెల్లడించారు. చంద్రశిలల్లో అక్కడక్కడా మిగిలిన పాత అయస్కాంతత్వం ఆ కణాలను పట్టి ఉంచుతోందని వారి అంచనా.

నన్నడిగితే పెద్ద పీట తుప్పుకే వేయాలి. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచే వెళ్లిన చంద్రయాన్-1లో నాసా పరికరం ఒకటుంది. దాని సమాచారాన్ని తిరగేసిన శాస్త్రవేత్తలు 2020లో చంద్రుడి మీద హెమటైట్, అంటే ఇనుప తుప్పు లాంటి ఖనిజం ఉందన్నారు. గాలే లేనిచోట తుప్పెలా? భూమి వాతావరణం నుంచి జారిన ఆక్సిజన్ ఈ తోక వెంట చంద్రుడి దాకా చేరుతుంది. జపాన్ నౌక కగుయా తోకలో ఆ ఆక్సిజన్‌ను పట్టిచ్చింది కూడా. పైగా తోకలో ఉన్నన్నాళ్లూ తుప్పును అడ్డుకునే సౌర హైడ్రోజన్ చంద్రుడికి చాలావరకు అందదు. హెమటైట్ ఎక్కువగా కనిపించింది భూమి వైపు తిరిగి ఉన్న ముఖం మీదే.