విదేశీ ఉద్యోగం: దరఖాస్తుకు ముందు తనిఖీ

నేను పనిచేస్తున్న శ్రీ విజయపురం శాఖలో, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, కౌంటరు దగ్గర తెలుగు వినిపించని రోజు ఉండదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు బాగా చదువుకున్నారు, కానీ దీవుల్లో ఉద్యోగాలు తక్కువ. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఇంటర్నెట్ వేగం పెరిగింది. దుబాయ్, సింగపూర్ ఉద్యోగ ప్రకటనలు ఫోన్లలోకి వచ్చేశాయి. మన సిబ్బంది ఇళ్లలోనూ ఇదే పరిస్థితి కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు పంచుకుంటున్నాను.

లింక్డ్‌ఇన్, నౌక్రీ గల్ఫ్ వంటి వెబ్‌సైట్లు నిజంగా ఉపయోగపడేవే. అయితే అవి నోటీసు బోర్డు లాంటివి. బోర్డు మీద కాగితం అంటించినంత మాత్రాన అందులోని ప్రతి మాటకూ ఎవరూ పూచీ పడరు. తనిఖీ మనమే చేసుకోవాలి.

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి యువకులను కంబోడియా పంపారు. అక్కడ వారి చేత బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. వెళ్లినవారు కంప్యూటర్ తెలిసిన పిల్లలే.

ఇక్కడొక విషయం చాలామందికి తెలియదు. పదో తరగతి పాసు కానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అక్కడ ఒప్పందం, జీతం, యజమాని వివరాలు ఒకసారి జల్లెడ పడతాయి. చదువుకున్నవారికి సాధారణంగా ఆ అవసరం లేదు. కంబోడియా అయితే ఆ 18 దేశాల జాబితాలోనే లేదు. అంటే మన డిగ్రీ పిల్లలకు ఆ జల్లెడ ఉండదు. వాళ్లకు మనమే జల్లెడ కావాలి.

ముందుగా ఏజెంటు సంగతి. విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు అడిగి, విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. గడువు ముగియలేదని కూడా నిర్ధారించుకోండి. ఏజెంటు లేకుండా కంపెనీయే నేరుగా పిలిస్తే, దాని సొంత వెబ్‌సైటులో ఆ ఉద్యోగం ఉందేమో వెతకండి. మాటలన్నీ వాట్సాప్, టెలిగ్రామ్‌లోనే నడుస్తుంటే అనుమానించాల్సిందే.

రెండోది వీసా. "టూరిస్టు వీసా మీద రండి, అక్కడికొచ్చాక మారుస్తాం" అంటే ఆగిపోండి. హోదా, జీతం, పనిగంటలు రాసిన ఒప్పందం, ఉద్యోగ వీసా ఈ రెండూ చేతికి వచ్చాకే విమానం టికెట్టు.

మూడోది మన వృత్తికి దగ్గరి సంగతి: డబ్బు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు ఇచ్చి తీరాలి. ఈమధ్య ఒక పెద్దాయన కొడుకు ఉద్యోగం కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి లక్షన్నర పంపడానికి వచ్చారు. ఆఫర్ లెటర్‌లో కంపెనీ పేరు ఒకటి, డబ్బు వెళ్లాల్సింది మాత్రం ఎవరో వ్యక్తి సేవింగ్స్ ఖాతాకు. "రిజిస్ట్రేషన్ నంబరు కనుక్కోండి, ఆ తర్వాత పంపుదాం" అన్నాను. నంబరు అడిగిన తర్వాత అవతలివారు ఫోన్ ఎత్తలేదు. డిపాజిట్ అలాగే ఉంది. అబ్బాయి ఇప్పుడు వేరే కంపెనీలకు దరఖాస్తు చేస్తున్నాడు.

ఉద్యోగం పేరుతో మీ పిల్లల బ్యాంకు ఖాతానో, ఏటీఎం కార్డునో, ఓటీపీనో అడిగితే అసలే ఇవ్వవద్దు. మోసం సొమ్ము ఆ ఖాతా గుండా నడిస్తే మొదట పోలీసులు వచ్చేది ఖాతాదారు ఇంటికే.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. విదేశంలో చిక్కుకున్నవారి కోసం భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఇంటివారు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

పిల్లలు వెళ్లాలి, ఎదగాలి. మనం అడ్డుపడనక్కర్లేదు. ప్రయాణానికి ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ప్రతులు ఇంట్లో ఒక ఫైలులో ఉంచుకుంటే చాలు. ఆ ఫైలులో ఏ కాగితం దొరకలేదో, అనుమానం అక్కడే మొదలుపెట్టండి.