బహుళ సమూహాల నియోజకవర్గం - ప్రాతినిధ్యం: బాటర్సీ నార్త్‌లో షాపూర్జీ సక్లత్‌వాలా (1922-1929)

వ్యాససంగ్రహం:

బొంబాయి పార్సీ కుటుంబంలో జన్మించిన షాపూర్జీ సక్లత్‌వాలా 1922లో లండన్ నగరంలోని బాటర్సీ నార్త్ నియోజకవర్గం నుంచి బ్రిటిష్ కామన్స్ సభకు ఎన్నికయ్యారు. ఈ గెలుపును ఒక భారతీయుడి వ్యక్తిగత ఘనతగా చెప్పడం పరిపాటి. అయితే అక్కడి ఓటర్లలో భారతీయుల సంఖ్య ఫలితాన్ని నిర్ణయించగలిగినంత లేదు. భిన్న సమూహాలను ఒకచోట చేర్చిన స్థానిక కార్మిక సంస్థలే ఆ ప్రాతినిధ్యానికి ఆధారం. ఆ సంస్థలు చీలిన తరువాత అదే అభ్యర్థి అదే స్థానంలో మూడో స్థానానికి పరిమితమయ్యారు. ఈ రెండు ఫలితాల మధ్య ఏం జరిగిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రాతినిధ్యం, నియోజకవర్గం, బాటర్సీ, సక్లత్‌వాలా, జాన్ ఆర్చర్, లేబర్ పార్టీ, ట్రేడ్స్ కౌన్సిల్.

1. ప్రవేశిక:

దాదాభాయి నౌరోజీ మొదలుకొని స్వాతంత్ర్యానికి పూర్వం ముగ్గురు పార్సీలు కామన్స్ సభకు ఎన్నికయ్యారు. నౌరోజీ 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి లిబరల్‌గా, మంచేర్జీ భావనగ్రీ 1895లో బెత్నల్ గ్రీన్ నార్త్ ఈస్ట్ నుంచి కన్సర్వేటివ్‌గా, సక్లత్‌వాలా 1922లో బాటర్సీ నార్త్ నుంచి లేబర్ అభ్యర్థిగా గెలిచారు. మూడూ లండన్ నగరపు లోపలి నియోజకవర్గాలే. పార్టీలు మాత్రం మూడు. ముగ్గురినీ ఒకే వరుసలో నిలిపి 'లండన్‌లో గెలిచిన భారతీయులు' అని చెప్పే అలవాటు వల్ల వారిని గెలిపించిన ఓటర్లు ఎవరన్న ప్రశ్న మరుగున పడిపోయింది.

హన్నా పిట్కిన్ 1967లో వెలువరించిన 'ద కాన్సెప్ట్ ఆఫ్ రిప్రజెంటేషన్' గ్రంథంలో ప్రాతినిధ్యానికున్న భిన్నార్థాలను వేరుచేసి చూపారు. ప్రతినిధి తన ప్రజలను పోలి ఉండటం ఒక అర్థం. వారి ప్రయోజనాల కోసం పనిచేయడం మరొకటి. మొదటిదాన్ని పోలిక మీద ఆధారపడిన ప్రాతినిధ్యమనీ, రెండోదాన్ని ఆచరణ మీద ఆధారపడిన ప్రాతినిధ్యమనీ అనుకోవచ్చు. బాటర్సీ నార్త్ విషయంలో మొదటి కొలమానం దాదాపు పనికిరాదు. సక్లత్‌వాలా పుట్టుకలోగానీ, మతంలోగానీ, కుటుంబ స్థితిలోగానీ తన ఓటర్లను పోలినవారు కారు. చివరికి నివాసం కూడా బాటర్సీలో కాదు, ఉత్తర లండన్‌లోని హైగేట్ ప్రాంతంలో.

2. బాటర్సీ స్వరూపం:

థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న బాటర్సీ 19వ శతాబ్దం మధ్య వరకు కూరగాయల తోటల ఊరు. రైల్వేల రాకతో దాని రూపు మారిపోయింది. నైన్ ఎల్మ్స్ రైల్వే యార్డులు, గ్యాస్ కర్మాగారం, ప్రైస్ కొవ్వొత్తుల కర్మాగారం, పిండి మిల్లులు నది వెంబడి బారులు తీరాయి. వాటిలో పనికోసం ఇంగ్లండ్ పల్లెల నుంచి వచ్చినవారితోపాటు ఐరిష్ కాథలిక్కులు కూడా స్థిరపడ్డారు. రైల్వే కార్మికులు, గ్యాస్ కార్మికులు, రోజుకూలీలు, ఇళ్లలో బట్టలుతికి బతికే స్త్రీలు నివసించిన ఉత్తర భాగానికీ, మధ్యతరగతి నివాసాలు ఎక్కువగా ఉన్న దక్షిణ భాగానికీ తేడా స్పష్టంగా కనిపించేది. 1918లో బాటర్సీని రెండు నియోజకవర్గాలుగా విభజించినప్పుడు ఈ తేడాయే ఎన్నికల పటం మీదికి ఎక్కింది.

స్థానిక రాజకీయాలకు అప్పటికే ఒక సంప్రదాయం ఏర్పడి ఉంది. ఇంజనీరింగ్ కార్మికుడైన జాన్ బర్న్స్ 1892 నుంచి 1918 వరకు బాటర్సీ ప్రతినిధి. 1905లో ఆయన మంత్రివర్గంలో చేరారు. 1914లో యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ వైదొలగారు. ట్రేడ్స్ అండ్ లేబర్ కౌన్సిల్ అనే కార్మిక సంఘాల సమాఖ్య పురపాలక సంఘాన్ని ప్రభావితం చేసేది. పురపాలక సంఘం కాంట్రాక్టర్లను పక్కనపెట్టి సొంత కార్మికులతోనే లాచ్‌మీర్ గృహసముదాయాన్ని నిర్మించి 1903లో ప్రారంభించింది. అక్కడి వీధుల్లో ఒకదానికి జుబెర్ట్ పేరు పెట్టారు. జుబెర్ట్ అంటే అంతకు కొద్దికాలం ముందు దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సైన్యంతో పోరాడిన బోయర్ సేనాని! సామ్రాజ్య రాజధానిలో, ప్రజాధనంతో కట్టిన ఇళ్ల మధ్య శత్రుసేనాని పేరుతో వీధి. సామ్రాజ్యవాద వ్యతిరేకతను సక్లత్‌వాలా బాటర్సీకి తీసుకురాలేదు, ఆయన వచ్చేనాటికే అది అక్కడ ఉందనడానికి ఇంతకు మించిన ఆధారం అవసరం లేదు.

1913లో ఇదే పురపాలక సంఘం జాన్ రిచర్డ్ ఆర్చర్‌ను మేయరుగా ఎన్నుకుంది. ఆర్చర్ లివర్‌పూల్‌లో జన్మించిన నల్లజాతీయుడు; తండ్రి బార్బడోస్ దీవివాసి, తల్లి ఐరిష్ మహిళ. 40-39 ఓట్ల తేడాతో, అంటే ఒక్క ఓటుతో, ఆయన నెగ్గారు. ఈ ఒక్క ఓటును మరచిపోకూడదు. బాటర్సీని జాతివివక్ష ఎరుగని ఆదర్శ పట్టణంగా చిత్రించే రచనలు దానిని తేలికగా దాటిపోతాయి. సహిష్ణుత అక్కడ గాలిలో తేలుతూ ఉన్నది కాదు. ఓట్లు లెక్కపెట్టుకుని నిలబెట్టుకున్నది.

3. 1922 విజయం:

సక్లత్‌వాలా 1874లో బొంబాయిలో జన్మించారు. తల్లి జెర్‌బాయి పారిశ్రామికవేత్త జంషెడ్జీ టాటాకు సోదరి. టాటాల కోసం ఇనుము, బొగ్గు నిక్షేపాలను అన్వేషిస్తూ బీహారు, ఒడిశా అడవుల్లో తిరిగిన ఆయన మలేరియా బారినపడి 1905లో ఇంగ్లండ్ చేరారు. 1907లో సారా మార్ష్ అనే శ్రామిక కుటుంబపు యువతిని వివాహమాడారు. తొలుత లిబరల్ వర్గాలతో పరిచయం, 1909లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యత్వం, 1921లో కమ్యూనిస్టు పార్టీ. ఈ ప్రయాణం సాగినంత కాలం జీవనోపాధి మాత్రం టాటా సంస్థ లండన్ కార్యాలయంలోని ఉద్యోగమే. 1925లో గానీ దాన్ని వదులుకోలేదు. ఈ వైరుధ్యాన్ని ప్రత్యర్థులు ఎత్తిచూపకుండా ఉండలేదు.

1918 ప్రజాప్రాతినిధ్య చట్టం 21 ఏళ్లు నిండిన పురుషులకూ, కొన్ని షరతులతో 30 ఏళ్లు నిండిన స్త్రీలకూ ఓటుహక్కు ఇచ్చింది. ఆ ఏడాది ఎన్నికల్లో బాటర్సీ నార్త్ లేబర్ అభ్యర్థిగా షార్లెట్ డెస్‌పార్డ్ నిలబడి ఓడిపోయారు. నైన్ ఎల్మ్స్ పేదల మధ్య ఏళ్లతరబడి జీవించి ఐరిష్ స్వాతంత్ర్యాన్ని సమర్థించిన ఆమె ఐర్లండ్ వైస్రాయి లార్డ్ ఫ్రెంచ్‌కు స్వయానా అక్క. ఆమె ఓడినా ఐరిష్ ఓటర్లకూ, లేబర్ శ్రేణులకూ మధ్య ఆమె పెంచిన బంధం నిలిచింది.

1922లో ఆర్చర్ తన కౌన్సిల్ స్థానాన్ని వదులుకొని సక్లత్‌వాలాకు ఎన్నికల ఏజెంటుగా వ్యవహరించారు. కమ్యూనిస్టు పార్టీకి అనుబంధ హోదా ఇవ్వడానికి లేబర్ పార్టీ అప్పటికే నిరాకరించినా, వ్యక్తులుగా కమ్యూనిస్టులు లేబర్ అభ్యర్థులు కావడానికి వీలుండేది. ఫలితాల్లో సక్లత్‌వాలాకు 11,311 ఓట్లు, నేషనల్ లిబరల్ అభ్యర్థి హాగ్‌బిన్‌కు 9,290 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 2,021. ప్రత్యర్థి లిబరల్ శిబిరం రెండుగా చీలడం కూడా ఇందుకు తోడ్పడిందని చెప్పాలి. మరుసటి ఏడాది ముఖాముఖి పోటీలో ఆయన ఓట్లు 12,341కి పెరిగినా 186 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1924లో తిరిగి గెలిచినప్పుడు ఆధిక్యం ఐదు వందల చిల్లర మాత్రమే. ఇన్ని అంచుల మీద నడిచిన నియోజకవర్గంలో ఏ ఒక్క సమూహం దూరమైనా గెలుపు అసాధ్యం.

ఇదే కాలంలో బ్రిటన్ భారతదేశానికి మరో విధమైన ప్రాతినిధ్యాన్ని రూపొందించింది. 1919 చట్టం కింద కోస్తా జిల్లాలు, దత్తమండలాలు కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీ శాసనమండలిలో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు, బ్రాహ్మణేతరులకు 28 రిజర్వు స్థానాలు ఏర్పడ్డాయి. భారతీయులు తమ సమూహం వారికి తప్ప ఓటు వేయరన్న నమ్మకం ప్రత్యేక నియోజకవర్గాలకు వెన్నెముక. అదే సమయంలో లండన్ కార్మికులు ఒక పార్సీకి ఓటు వేశారు. ఈ పోలికతో రిజర్వేషన్ల అవసరాన్ని తోసిపుచ్చడం సరికాదు. మద్రాసులో విద్య, ఉద్యోగాల మీద కొద్దిమందికే ఉన్న పట్టు బాటర్సీ సమస్య కాదు. కానీ ఓటరు స్వభావం పుట్టుకతో స్థిరపడిపోతుందన్న పాలకుల సిద్ధాంతానికి వారి సొంత రాజధానిలోనే మినహాయింపు కనిపించిందన్నది గమనార్హం.

4. పార్లమెంటులో ఎవరి గొంతు?

ఎన్నికైన కొద్దిరోజులకే, 1922 నవంబరులో, ఐరిష్ ఫ్రీ స్టేట్ రాజ్యాంగ బిల్లు సభ ముందుకు వచ్చింది. దేశాన్ని విభజించి ఇచ్చే ఆ ఏర్పాటు ఐరిష్ ప్రజల స్వేచ్ఛా నిర్ణయం కాదంటూ, లేబర్ పార్టీ వైఖరికి భిన్నంగా, సక్లత్‌వాలా దానిని వ్యతిరేకించారు. ఇది బాటర్సీ ఐరిష్ ఓటర్ల కోసమా, లేక భారతదేశాన్ని మనసులో ఉంచుకొనా అన్న ప్రశ్న సహజం. రెంటినీ వేరుచేయడం ఆయన విషయంలో కష్టం.

ఇదే తర్కం జనపనార పరిశ్రమ గురించి ఆయన చేసిన వాదనలో మరింత స్పష్టం. బెంగాల్ మిల్లుల్లో కూలీకి అతితక్కువ వేతనమిచ్చి సరుకు తయారుచేయించడం వల్లనే స్కాట్లండ్‌లోని డండీ మిల్లుల్లో కార్మికుడికి పని పోతున్నదనీ, రెండుచోట్లా పెట్టుబడి ఒకే వర్గానిదనీ ఆయన వాదన. ఈ వాదనలో భారతీయ కూలీ జాలిపడవలసిన దూరపు మనిషి కాడు, బ్రిటిష్ కార్మికుడి వేతనాన్ని నిర్ణయిస్తున్న తోటి కార్మికుడు. నిరుద్యోగం తీవ్రంగా ఉన్న బాటర్సీలో భారతదేశం గురించి మాట్లాడటం స్థానిక సమస్యను వదిలేయడం కాదని ఓటర్లకు చెప్పగలిగిన దారి ఇదే. ఆయనను 'భారతదేశపు సభ్యుడు' అని పిలిచినవారు ఈ లంకెను చూడలేదు.

1926 మే 1న హైడ్ పార్కులో గని కార్మికులకు మద్దతుగా ప్రసంగిస్తూ, కార్మికుల మీద కాల్పులు జరపవద్దని సైనికులను కోరినందుకు ఆయనపై కేసు పెట్టారు. సత్ప్రవర్తనకు పూచీకత్తు ఇవ్వడానికి నిరాకరించి రెండు నెలలు జైలులో గడిపారు.

1927 తొలి నెలల్లో ఆయన భారతదేశంలో పర్యటించి, ఖద్దరు కార్యక్రమాన్ని విమర్శిస్తూ గాంధీజీతో బహిరంగ లేఖల వాదానికి దిగారు. తిరిగి వెళ్లిన తరువాత, మళ్లీ భారతదేశం రావడానికి పాస్‌పోర్టులోని అనుమతిని ప్రభుత్వం రద్దుచేసింది. 1929లో అధికారానికి వచ్చిన లేబర్ ప్రభుత్వమూ దానిని పునరుద్ధరించలేదు.

అదే ఏడాది తన ఐదుగురు పిల్లలకు లండన్ కాక్స్‌టన్ హాలులో జొరాస్ట్రియన్ దీక్షాసంస్కారమైన నవ్‌జోత్ జరిపించారు. కమ్యూనిస్టు పార్టీ ఆయనను బహిరంగంగా మందలించింది. పార్సీయేతర తల్లి పిల్లలు సమాజంలో సభ్యులుగా గుర్తింపు పొందాలంటే ఈ దీక్ష కీలకం. అందువల్ల దీనిని మతవిశ్వాసంగా మాత్రమే కాక కుటుంబం పట్ల బాధ్యతగానూ చూడాలి. బాటర్సీ ఓటర్లు ఏనాడూ అడగని సంజాయిషీని సొంత పార్టీ అడిగింది.

5. చీలిక:

1924 లేబర్ మహాసభ కమ్యూనిస్టులు లేబర్ అభ్యర్థులు కారాదని తీర్మానించింది. అయినా ఆ ఏడాది ఎన్నికల్లో కమ్యూనిస్టుగా నిలబడిన సక్లత్‌వాలాకు బాటర్సీ లేబర్ శాఖ మద్దతిచ్చి గెలిపించింది. కేంద్ర తీర్మానం కన్నా స్థానిక బంధం బలంగా ఉన్న చివరి సందర్భమది. 1925లో కమ్యూనిస్టులకు వ్యక్తిగత సభ్యత్వమూ నిషిద్ధమైంది. వారిని బహిష్కరించడానికి అంగీకరించని బాటర్సీ శాఖను 1926లో లేబర్ పార్టీ తన నుంచి తొలగించింది. దానికి పోటీగా అధికారిక శాఖ ఏర్పడింది. మరోవైపు కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ 1928 నుంచి 'వర్గానికి వ్యతిరేకంగా వర్గం' అనే విధానాన్ని చేపట్టి లేబర్ పార్టీని శత్రువుగా ప్రకటించింది. తప్పు ఒక వైపుదే అనడానికి వీల్లేదు. ఇరుపక్షాల కేంద్ర నాయకత్వాలూ ఒక స్థానిక సమాఖ్యను తమ క్రమశిక్షణకు బలి ఇచ్చాయి.

1929 ఎన్నికలు స్త్రీపురుషులకు సమాన ఓటుహక్కుతో జరిగిన తొలి ఎన్నికలు. అధికారిక లేబర్ అభ్యర్థి సాండర్స్ గెలిచారు. సక్లత్‌వాలా మూడో స్థానంలో నిలిచారు. ఓటర్ల జాబితా పెరిగిందే కానీ వాడలు మారలేదు, కర్మాగారాలు మారలేదు, అభ్యర్థీ మారలేదు. మారినది ఆయనకూ ఓటర్లకూ మధ్య నిలిచిన సంస్థ. సాండర్స్‌కు ఎన్నికల ఏజెంటుగా పనిచేసినది, ఏడేళ్ల కిందట సక్లత్‌వాలాను గెలిపించిన ఆర్చరే.

ఈ మలుపును ద్రోహంగా వర్ణించినవారున్నారు. ఆర్చర్ వైపు నుంచి చూస్తే పరిస్థితి వేరు. ఒక్క ఓటు తేడాతో మేయరైన మనిషికి సంస్థ లేని ఆదర్శం విలువ ఎంతో తెలిసే ఉంటుంది. నల్లజాతీయుల హక్కుల కోసం ఆఫ్రికన్ ప్రోగ్రెస్ యూనియన్‌కు తొలి అధ్యక్షుడిగా పనిచేస్తూనే, బాటర్సీలో లేబర్ పార్టీ చట్రాన్ని ఆయన వదులుకోలేదు. సక్లత్‌వాలా వాదనను వదులుకోలేదు. ఇద్దరి మధ్య తేడా సామ్రాజ్యం గురించి కాదు, దానిని ఎదిరించడానికి ఏ వేదిక మీద నిలబడాలన్నదాని గురించి.

1930లో గ్లాస్గోలోని షెటిల్‌స్టన్ ఉపఎన్నికలో, 1931లో మళ్లీ బాటర్సీ నార్త్‌లో పోటీచేసి సక్లత్‌వాలా ఓడిపోయారు. ఆర్చర్ 1932లో మరణించారు. 1936 జనవరిలో సక్లత్‌వాలా కన్నుమూశారు. ఆయన అస్థికలను బ్రూక్‌వుడ్ పార్సీ శ్మశానవాటికలో, మేనమామ జంషెడ్జీ టాటా సమాధి ఉన్న చోటనే నిక్షిప్తం చేశారు.