జమీందారు బిడ్డ కార్మిక మంత్రి అయిన కథ



ఐర్లాండ్ చరిత్రలో 'ఆంగ్లో-ఐరిష్' అనే మాట తరచుగా వస్తుంది. ఇంగ్లండ్ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడి, తరతరాలుగా భూములు అనుభవించిన ప్రొటెస్టెంట్ కుటుంబాలను అలా పిలిచేవారు. భూమి వారిది. దున్నేది ఎక్కువగా కేథలిక్ కౌలు రైతులు. అలాంటి ఇంట పుట్టి, ఆ వ్యవస్థకే ఎదురు తిరిగిన స్త్రీ కాన్‌స్టెన్స్ మార్కివిచ్.

ఆమె 1868లో లండన్‌లో జన్మించింది. పుట్టింటి పేరు గోర్-బూత్. ఐర్లాండ్‌లోని స్లైగో ప్రాంతంలో లిస్సడెల్ అనే పెద్ద భవనం వారిది. తాత సర్ రాబర్ట్ 1830లలో కట్టించాడు. తండ్రి సర్ హెన్రీ ఉత్తర ధ్రువ ప్రాంతాలు తిరిగిన సాహసి. 1879-80 కరవులో తన కౌలుదార్లకు ఉచితంగా తిండి పెట్టాడు. అప్పటికి కాన్‌స్టెన్స్‌కు పదకొండేళ్ళు. తమ్ముడు జోస్లిన్ పాల సహకార సంఘాలను ప్రోత్సహించాడు. 1903 భూచట్టం కింద ఎస్టేటు భూమిలో ఎక్కువ భాగం కౌలుదార్లకే అమ్మాడు. చెల్లెలు ఈవా కవయిత్రి. మాంచెస్టర్‌లో మహిళా కార్మికుల కోసం, ఓటు హక్కు కోసం పనిచేసింది.

కాన్‌స్టెన్స్ లండన్, పారిస్‌లలో చిత్రలేఖనం నేర్చుకుంది. 1900లో పోలెండ్ చిత్రకారుడు కాసిమిర్ మార్కివిచ్‌ను పెళ్ళాడింది. 1913లో డబ్లిన్ యజమానులు యూనియన్ వదలని కార్మికులను పనిలోకి రానివ్వలేదు. దాదాపు 20,000 మంది వీధిన పడ్డారు. లిబర్టీ హాల్‌లో వారి కుటుంబాల కోసం నడిచిన వంటశాలలో ఈమె చేతులు పనిచేశాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటులో మైకేల్ మాలిన్‌కు సహాయకురాలిగా తుపాకీ పట్టింది. మాలిన్‌ను కాల్చి చంపారు. ఆమెకు పడిన మరణశిక్షను స్త్రీ అనే కారణంతో యావజ్జీవంగా మార్చారు. 1917లో విడుదలైంది.

1918 ఎన్నికలనాటికి మళ్ళీ జైలులోనే ఉంది. అక్కడి నుంచే గెలిచి, బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన మొదటి మహిళ అయింది. కానీ ఆ సభలో అడుగు పెట్టలేదు. 1919లో ఐరిష్ సభ ఆమెను కార్మిక మంత్రిని చేసింది. ఆ దేశంలో మరో మహిళ కేబినెట్ మంత్రి కావడానికి 1979 దాకా ఆగాల్సి వచ్చింది.

మన వి.వి.గిరి గారు 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదివారు. తిరుగుబాటు తర్వాత ఐర్లాండ్ విడిచి రావలసి వచ్చింది. ఇక్కడ కార్మిక నాయకుడై, కార్మిక మంత్రి అయి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ నగరం ఒక జమీందారు బిడ్డకూ, ఒక తెలుగు విద్యార్థికీ కార్మికుల పక్షమే చూపించింది.

ఈ త్యాగానికి ఇంట్లో మూల్యం కూడా ఉంది. 1901లో పుట్టిన కూతురు మేవ్ ఎక్కువగా అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఆస్తి పంచిపెట్టిన కాన్‌స్టెన్స్ 1927 జూలైలో డబ్లిన్ ఆసుపత్రి సాధారణ వార్డులో, పేదల మధ్య కన్నుమూసింది.

మిత్రులారా! మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటి తరం నాది. మీలో చాలామందిదీ అంతే. ఆమె పై మెట్టు నుంచి కిందికి దిగి వచ్చింది, మనం కింది నుంచి పైకి ఎక్కుతున్నాం. దిగినామె వంటశాలలో గరిటె పట్టుకుంది. ఎక్కిన మనం మన వాడను, మన హాస్టల్ తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మరచిపోతే ఆ చదువుకు అర్థమేముంది? ఉద్యోగం వచ్చాక కూడా ఈ ప్రశ్న మనతో ఉండాలని కోరుకుంటున్నాను.