కల్లు మానగానే ఫిట్స్.. కల్తీ మత్తుతోనే ముప్పు

కరీంనగర్, ఆదిలాబాద్: కల్లు మానేసిన రెండో రోజో, మూడో రోజో మనిషి వణుకుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ మూర్ఛతో పడిపోతే గాలి సోకిందని భావించే కుటుంబాలు పల్లెల్లో నేటికీ ఉన్నాయి. కల్తీ కల్లులోని మత్తుమందు శరీరానికి హఠాత్తుగా అందకపోవడమే దీనికి కారణం. సకాలంలో వైద్యం అందకుంటే ప్రాణాపాయం తప్పదు.

కలిపేవి ఇవీ..
ఈత, తాటి కల్లు చాలనిచోట నీటికి తీపి పదార్థాలు, మత్తు కోసం ఆల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతున్నారు. మొదటి రెండూ ఆందోళన, నిద్రలేమి వంటి సమస్యలకు వైద్యులు రాసే మందులు. ఏ సీసాలో ఎంత మోతాదు ఉందో తాగేవారికి తెలియదు.

మూర్ఛ ఎందుకు?
మెదడులో ‘గాబా’ అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచుతుంది. ఈ మందులు దాని ప్రభావాన్ని పెంచుతాయి. నెలల తరబడి వాడితే మెదడు వాటిపైనే ఆధారపడుతుంది. మందు ఆగగానే ఉద్రేకం అదుపు తప్పి మూర్ఛ వస్తుంది. ఆల్ప్రాజోలం మానితే సాధారణంగా 1 నుంచి 3 రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. డైజోపాం శరీరంలో ఎక్కువ కాలం ఉంటుంది కనుక వారం తర్వాతా కనిపించవచ్చు. నిద్ర పట్టకపోవడం, చెమటలు, చేతుల వణుకు, లేనివి కనిపించడం ముందస్తు హెచ్చరికలు.

గతంలోనూ ఇదే..
2015 సెప్టెంబరులో రాష్ట్రంలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమయ్యాక నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందలాది మంది ఈ లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు బాధితుల తాకిడి పెరిగింది.

ఏం చేయాలి?
అలవాటును వదిలించుకోవాల్సిందే. అయితే వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. తెలిసిన మోతాదులో మందు ఇచ్చి, దానిని వారాలు, నెలల వ్యవధిలో కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వాడుతున్నవారికీ ఇదే నియమం వర్తిస్తుంది. వణుకు తగ్గుతుందని మళ్లీ కల్లు పట్టించడం ప్రమాదకరం.

ఫిట్స్ వస్తే రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. తాళంచెవులు చేతిలో పెడితే ప్రయోజనం లేదు. కల్లు మానాక ఫిట్స్ వస్తే అది ఆగినా, ఆగకున్నా వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఎన్నాళ్లుగా కల్లు తాగుతున్నదీ, ఎప్పుడు మానినదీ వైద్యునికి దాచకుండా చెప్పాలి. మానసిక సమస్యలపై సలహాలకు టెలి మానస్ ఉచిత నంబరు 14416లో సంప్రదించవచ్చు.