గురికి మూలము నిలుకడ

రైఫిలుతో గురి కొట్టుట యనగానే కంటిచూపును, భుజబలమును మనకు స్ఫురించును. నిజమునకు ఆ విద్య పాదములయొద్ద ప్రారంభమగును. సమపాదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము అని విలుకాండ్రు నిలుచు రీతులను మన పూర్వులు అయిదింటిని పేర్కొనిరి. వింటికి బదులు నేడు రైఫిలు వచ్చినను ఆ నియమము మారలేదు. బిడ్డలను ఈ క్రీడకు పంపదలచిన తల్లిదండ్రులు ఎరుగదగిన సంగతులను కొన్నింటిని ఇచట వివరింతుము.

10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో గురిపలక నడిమి చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. రైఫిలు బరువు 5.5 కిలోలవరకు ఉండవచ్చును. దానిని ఎత్తి 60 మార్లు గురిచూడవలెను. కండరములు కొంతసేపటికి అలసి వణకును, ఎముకలు అలయవు. కావున బరువును కండలపై గాక ఎముకలపై నిలుపుటయే ఇందలి కీలకము.

కుడిచేతివాటము గలవారు ఎడమప్రక్కను గురివైపు త్రిప్పి, పాదములను ఇంచుమించు భుజముల వెడల్పున ఉంచి నిలుతురు. ఎడమ తుంటిని గురివైపు కొంచెము జరిపి, ఎడమ మోచేతిని దానిపైగాని ప్రక్కటెముకలపైగాని ఆనింతురు. అప్పుడు బరువు ముంజేతినుండి తుంటికి, తుంటినుండి కాలికి, కాలినుండి నేలకు దిగును. రైఫిలు ముందుకు లాగును గనుక నడుముపై భాగము కొంత వెనుకకు వాలును. తల మాత్రము నిటారుగా నుండవలెను. రైఫిలునే చెంపకు తెచ్చుకొనవలెను గాని దానికొరకు మెడ వంచరాదు.

నిలుకడ కుదిరినదో లేదో తెలియుటకు సులభమైన పరీక్ష కలదు. గురిచూచి, కన్నులు మూసి, రెండు మూడు మార్లు ఊపిరి తీసి విడిచి, మరల తెరవవలెను. గురి తొలగియున్నచో చేతులతో లాగరాదు. పాదములనే కొంచెము జరుపవలెను. చేతులతో లాగినది మీట నొక్కు క్షణమున మరల పాతచోటికే పోవును. ఊపిరి విడిచిన పిమ్మట సహజముగా కలుగు విరామమున మీట నొక్కి, గుండు వెడలిన తరువాతను ఒక క్షణము కదలక నిలువవలెను.

చెన్నైలో 1983లో జన్మించి హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో ఈ పోటీయందే కాంస్యపతకము గెలిచెను. ఆయన నెలకొల్పిన శిక్షణశాలలో నేర్చిన హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్‌కు వినికిడి లోపము కలదు. అతడు 2022లో బ్రెజిలునందు జరిగిన బధిరుల ఒలింపిక్సులో స్వర్ణము సాధించెను. చెవి సహకరింపకున్నను శరీరమునకు నిలుకడ నేర్పవచ్చునని ఈ విజయము చాటుచున్నది.

అయితే ఒక హెచ్చరిక. ఈ భంగిమ వెన్నెముకకు శ్రమ కలిగించును. ఎదుగు బిడ్డకు పెద్దల బరువైన రైఫిలు తగదు. నడుము నొచ్చుచున్నదని బిడ్డ చెప్పినచో సోమరితనమని గద్దింపక, సాధన నిలిపి వైద్యునకు చూపవలెను. పతకముకంటె వెన్నెముక విలువైనది. శిక్షకుడు చెంత లేనపుడు రైఫిలును తాకనీయరాదు. గొట్టము ఎప్పుడును గురివైపే యుండవలెను. గురిచూచువరకు వ్రేలు మీటకు దూరముగా నుండవలెను.

రైఫిలు చేతికి రాకమునుపే మన మనలి బిడ్డలు ఇంట సాధన మొదలిడవచ్చును. దినమునకు కొన్ని నిమిషములు కన్నులు మూసి, పాదములపై బరువును సమముగా నిలిపి, ఊపిరిని గమనించుచు నిలుచుండిన చాలును. ఇందుకు రూకయైనను ఖర్చు లేదు. బాలురకును బాలికలకును ఇది సమానముగా మేలు చేయును.