తనంతట తానే గేరు మార్చే కారు

బాలలూ! హిందూపురం నుంచి పెనుకొండకు బస్సులో వెళ్ళేటప్పుడు, డ్రైవరు కాలితో క్లచ్చి తొక్కి, ఎడమ చేత్తో గేరు మార్చటం మీరు చూసే ఉంటారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉన్నది కదా! 2019లో అక్కడ సెల్టోస్ కార్ల తయారీ మొదలయింది. వాటిలో కొన్నిటికి క్లచ్చి పెడలే ఉండదు. గేర్లు వాటంతట అవే మారుతాయి. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వారు 1940 నాటి కార్లకే ఈ ఏర్పాటు చేశారు.

అసలు గేర్లెందుకు? బయలుదేరేటప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ చక్రాలకు బలం కావాలి. చదును దారిలో వేగం కావాలి. చిన్న గేరు బలమిస్తుంది. పెద్ద గేరు వేగమిస్తుంది.

తిరిగే ఫాను ముందు కాగితపు గాలిమర పట్టుకుంటే, అదీ తిరుగుతుంది. చాలా ఆటోమాటిక్ కార్లలో ఇలాగే రెండు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య గాలికి బదులు నూనె ఉంటుంది. ఇంజను ఒకదాన్ని తిప్పితే, నూనె వేగానికి రెండవది తిరుగుతుంది.

మరి ఏ గేరు వెయ్యాలో కారుకెలా తెలుస్తుంది? కారు వేగాన్నీ, డ్రైవరు యాక్సిలరేటరును ఎంత నొక్కాడన్నదీ ఒక చిన్న కంప్యూటరు కనిపెడుతూ ఉంటుంది. మెల్లగా నొక్కితే త్వరగా పెద్ద గేరు వేస్తుంది. ఒక్కసారిగా తొక్కితే, "ఈయనకు బలం కావాలి కాబోలు!" అన్నట్టు చిన్న గేరులోనే ఉంచుతుంది. ఇంజను గోల పెడుతుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. కొన్ని కార్లయితే డ్రైవరు అలవాటును గమనించి, దానికి తగినట్టు గేర్లు మారుస్తాయి.

ధర్మవరం నేతగాడిని చూడండి. కాలు ఒక లయలో ఆడితేనే పట్టు సాఫుగా సాగుతుంది. కారు నడపటమూ అంతే.

ఎత్తు మీద కారును ఆపాలంటే బ్రేకు వెయ్యాలి. యాక్సిలరేటరు నొక్కి నిలబెడితే నూనె, కొన్ని కార్లలో క్లచ్చి, వేడెక్కి చెడుతాయి. కారు పూర్తిగా ఆగకముందే వెనక గేరు వెయ్యరాదు.

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఒకటున్నది. పెట్రోలు కలిసివస్తుందని కొందరు కొండ దిగేటప్పుడు గేరు తీసేస్తారు. అది పొరపాటు! గేరులో ఉండగా కాలు తీస్తే, నేటి ఇంజన్లు చాలావరకు పెట్రోలును తామే ఆపేస్తాయి. గేరు తీస్తే మాత్రం ఇంజను తిరగటానికి పెట్రోలు కావాలి. పైగా భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి మరీ వేడెక్కితే పట్టు తప్పుతుంది. చిన్న గేరులో దిగితే ఇంజనే కారును పట్టి ఉంచుతుంది.

ఈసారి అటువంటి కారెక్కినప్పుడు చెవి ఒగ్గి వినండి. ఇంజను శబ్దం పెరిగి, చటుక్కున తగ్గితే గేరు మారిందన్నమాట. ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. కొండ దిగే సంగతి మాత్రం మీ పెద్దలకు తప్పక చెప్పండి!