మత్స్యకారుని పాదరక్షలు

పదవిని వెతుక్కుంటూ వెళ్లేవారు లోకంలో కోకొల్లలు. పదవే తమను వెతుక్కుంటూ వస్తే కన్నీరు పెట్టుకునేవారు ఎందరుంటారు? వాటికన్‌లో సిస్టైన్ ప్రార్థనామందిరం పక్కనే ఒక చిన్న గది ఉంది. కొత్తగా ఎన్నికైన పోప్ శ్వేతవస్త్రాలు ధరించేది అక్కడే. దానిని 'కన్నీటి గది' అంటారు. కోట్లాది క్యాథలిక్కుల భారం భుజాలపై పడిన క్షణంలో ఎవరి కళ్లయినా చెమరుస్తాయి కదా!

ఆ ఎన్నిక మూసిన తలుపుల వెనుక జరుగుతుంది. లోపలి విషయాలు బయటపెట్టబోమని కార్డినళ్లు ప్రమాణం చేస్తారు. అక్కడ మనిషి అంతరంగం ఎలా ఉంటుందో ఊహించే పనిని నవలాకారులు తలకెత్తుకున్నారు.

తీరని కోరిక

ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ రోల్ఫ్ మతగురువు కావాలని తపించాడు. శిక్షణాలయం ఆయనను బయటికి పంపివేసింది. ఆ వేదన 1904లో 'హేడ్రియన్ ది సెవెంత్' నవల అయింది. అందులో రోల్ఫ్‌కు ప్రతిరూపమైన జార్జ్ ఆర్థర్ రోజ్ అనూహ్యంగా పోప్ అవుతాడు. వాటికన్ సంపదను అమ్మి పేదలకు పంచబూనుతాడు. చివరకు హత్యకు గురవుతాడు. కలలో సింహాసనమెక్కిన రచయిత మాత్రం 1913లో వెనిస్ నగరంలో పేదరికంలోనే కన్నుమూశాడు.

చెర నుంచి పీఠానికి

ఆస్ట్రేలియా రచయిత మోరిస్ వెస్ట్ 1963లో 'ది షూస్ ఆఫ్ ది ఫిషర్‌మన్' రచించాడు. తొలి పోప్‌గా క్యాథలిక్కులు భావించే పీటర్ చేపలు పట్టి జీవించినవాడు. ఆయన పాదరక్షలంటే ఆ పీఠమే. కథానాయకుడు కిరిల్ లకోటా సోవియట్ నిర్బంధంలో 17 ఏళ్లు మగ్గిన ఉక్రెయిన్ గురువు. 1968 నాటి చలనచిత్రంలో ఆయన పట్టాభిషేక వేళ కిరీటం తీసివేసి, సంఘ సంపదను క్షుద్బాధితులకు అర్పిస్తానంటాడు. ఆ తరువాత పదేళ్లకు, 1978లో, పోలండుకు చెందిన కరోల్ వొయ్తీవా రెండవ జాన్ పాల్‌గా ఎన్నికయ్యారు. 455 ఏళ్లలో ఇటలీ వెలుపలి నుంచి వచ్చిన తొలి పోప్ ఆయనే. ఎందరికో ఆ నవల గుర్తుకు వచ్చింది.

ఆశ అనే పరీక్ష

రాబర్ట్ హారిస్ 2016లో రాసిన 'కాంక్లేవ్'లో పీఠాన్ని ఆశించినవారు ఒక్కొక్కరే పతనమవుతారు. ఎన్నిక నిర్వహించే లోమెలి సైతం తన హృదయంలో అదే ఆశ మొలకెత్తడం గ్రహించి కలవరపడతాడు. మూడింట రెండు వంతుల ఓట్లు చివరకు ఎవరూ లెక్కలోకి తీసుకోని బాగ్దాద్ ఆర్చిబిషప్పుకు దక్కుతాయి. 2024లో ఇది చలనచిత్రమైంది.

ఎన్నికైన వ్యక్తిని మొదట అడిగేది ఒకే ప్రశ్న: స్వీకరిస్తారా? ఈ మూడు నవలలూ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. అన్న పాదుకలను సింహాసనంపై నిలిపి, నందిగ్రామంలో మునివృత్తిలో రాజ్యభారం మోసిన భరతుని ఎరిగిన మనకు ఈ పాదరక్షల మర్మం తెలియనిది కాదు. ఇంటి పెద్దరికమైనా, ఆలయ ధర్మకర్తృత్వమైనా మీ చేతికి వచ్చిన రోజున ఆ ప్రశ్నను ఒక్కసారి మీకు మీరే వేసుకోండి. దానితో మీకేమి దక్కుతుందన్నది తరువాత. దానికోసం మీరేమి వదులుకోగలరో ముందుగా తేల్చుకోండి.